నీటి మీద డ్రోన్‌కు దిగే చోటు ఉండదు: గండికోట, మైలవరం వీడియోకు ముందు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోలు తీస్తుంటారు. ఈ మధ్యే 249 గ్రాముల కెమెరా డ్రోన్ కొన్నారు. ఊరి చెరువు మీద రెండు మీటర్ల ఎత్తున నిలిపి ఉంచితే, రిమోట్ మీద వేళ్లు కదపకపోయినా అది పక్కకు జారుకుంటూ పోయింది. ఎలాగో కట్ట మీదికి తెచ్చుకున్నారు. ఇప్పుడు శ్రావణంలో పెళ్లి పెట్టుకున్న ఒక జంటకు గండికోట లోయలోనూ మైలవరం జలాశయం దగ్గరా వీడియో తీయాలి. లోపం డ్రోన్‌లో ఉందా, దాన్ని మళ్లీ నీటి మీదికి పంపవచ్చా అన్నది మీ సందేహం.

డ్రోన్‌ను మరమ్మతుకు పంపకండి. అది తనకు నేర్పినట్టే చేసింది. నీటి మీదికి పంపడానికీ అడ్డేమీ లేదు. అనంతపురం, కడప జిల్లాల్లో చెరువులు, కాలువల సర్వే పని నాది, నా డ్రోన్ ఎక్కువ సేపు ఉండేది నీటి మీదే. అయితే పంపేముందు ఒక విషయం బుర్రకెక్కాలి. డ్రోన్‌లో మనల్ని కాపాడడానికి పెట్టిన ఏర్పాట్లన్నీ కింద నేల ఉందన్న నమ్మకంతో తయారైనవే. బ్యాటరీ అయిపోతే దిగిపోతుంది. రిమోట్ అందకపోతే తిరిగి వచ్చి దిగుతుంది. ఏమీ తోచకపోతే ఉన్నచోటే దిగుతుంది. ప్రతి ఆపదకూ దాని దగ్గర ఉన్న విరుగుడు దిగడమే. చెరువు మధ్యలో ఆ విరుగుడే దాన్ని ముంచుతుంది. కాబట్టి నేల మీద డ్రోన్‌కు వదిలేసే నిర్ణయాలన్నీ నీటి మీద మీరే ముందుగా తీసుకోవాలి.

ముందు మీ చెరువు సంగతి. డ్రోన్ పొట్ట కింద చిన్న కెమెరాలు, ఎత్తు కొలిచే సెన్సార్ ఉంటాయి. తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు ఆ కెమెరా కింది నేలను వెంటవెంటనే ఫొటోలు తీస్తూ, ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ మధ్య గడ్డిపోచలు, రాళ్లు ఎంత జరిగాయో చూసుకుంటుంది. జరిగితే తానే కదిలిందనుకుని ఆ మేరకు సరిచేసుకుంటుంది. నేల కదలదు కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. చెరువులో అలలు కదులుతాయి. అల ఎటు పోతే డ్రోన్ దాని వెంట పోతుంది. అదే మీరు చూసిన జారుడు. గాలి లేని తెల్లవారుజామున ఇంకో చిక్కు: నీరు అద్దంలా ఉండి అందులో ఆకాశమే కనిపిస్తుంది, కెమెరాకు పట్టుకోవడానికి ఒక్క గుర్తూ దొరకదు. ఎత్తు కొలిచే సెన్సార్ కూడా నీటి మెరుపుకు తప్పు లెక్క చెబుతుంది. ఉన్నట్టుండి పైకి లేవడం, లేదా మెల్లగా కిందికి కుంగడం దానివల్లే. డ్రోన్‌తో వచ్చే పుస్తకంలో నీటి మీద ఈ సెన్సార్లను నమ్మవద్దని చిన్న అక్షరాలలో రాసే ఉంటుంది, చదివేవారే తక్కువ.

జీపీఎస్ గట్టిగా అంది ఉంటే జారుడు ఇంతగా ఉండదు. ఎన్ని ఉపగ్రహాలు అందాక ఎగరవేశారో మీరు రాయలేదు. ఆన్ చేసిన వెంటనే లేపి ఉంటారని నా అనుమానం. ఉపగ్రహాల సంఖ్య కనీసం పన్నెండు దాటేదాకా, హోమ్ పాయింట్ (లేచిన చోటు, తిరిగి వచ్చి దిగవలసిన చోటు) నమోదైందని రిమోట్ చెప్పేదాకా ఆగండి. రెండు నిమిషాలు పట్టవచ్చు, పెళ్లివారు తొందరపెడితే పెట్టనివ్వండి. హోమ్ పాయింట్ పడకుండా లేచిన డ్రోన్‌కు తిరిగి రావలసిన చోటు సరిగా తెలియదు.

ఎత్తు విషయంలో నా కట్టుబాటు ఒక్కటే: నీటి మీద పది మీటర్లకు తగ్గను. రెక్కల గాలికి నీళ్లు చెదిరి లేచే దృశ్యం చాలామందికి మోజు. వీడియోలో బాగానే ఉంటుంది. కానీ ఆ ఎత్తులో పొట్ట కింది సెన్సార్ తికమకపడుతుంది, తుంపర్లు మోటార్లకు తగులుతాయి, పడవ దాటితే లేచే అల చాలు ముంచడానికి. ఒడ్డున నిలబడిన మనిషి కంటికి నీటి మీద ఎత్తు అసలు తెలియదు, పోల్చుకోవడానికి చెట్టో గోడో ఉండదు కదా. నీటిని ఆనుకుని వెళ్తున్నట్టు కనిపించాలంటే ఒడ్డు వెంబడి నేల మీదే ఎగరవేస్తూ కెమెరాను నీటి వైపు తిప్పండి. చూసేవారికి తేడా తెలియదు. జంట ఒడ్డున ఉండే దృశ్యాలన్నిటికీ డ్రోన్ నీటి మీదికి వెళ్లవలసిన అవసరమే లేదు. నిజంగా నడి నీటికి వెళ్లవలసినవి మొత్తం వీడియోలో రెండో మూడో ఉంటాయి. వాటిని మొదటి బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే తీసేసుకోండి.

ఇక గాలి. మన ప్రాంతంలో నీటి మీద పోయిన డ్రోన్లలో ఎక్కువ భాగం గాలి ఖాతాలోవే అని నా నమ్మకం. శ్రావణంలో పెళ్లంటే వీడియో ఆషాఢంలో తీయమంటారు. నైరుతి గాలి మన దగ్గర పట్టపగ్గాలు లేకుండా వీచేది సరిగ్గా అప్పుడే. రామగిరి కొండల మీద, తాడిపత్రి వైపు గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. నేల మీద చెట్లు, ఇళ్లు గాలిని కొంత అడ్డుకుంటాయి. మైలవరం లాంటి జలాశయం మీద అడ్డేముంది? కట్ట కింద మీ చొక్కా కదలకపోయినా, కట్ట దాటి ముప్ఫై మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి డ్రోన్ ఒరిగిపోతుంది.

దీని లెక్క ఒకసారి వేసి చూడండి. మీ డ్రోన్ మామూలు మోడ్‌లో సెకనుకు 10 మీటర్లు పోతుందనుకుందాం. గాలి సెకనుకు 8 మీటర్లు ఉంది. గాలి వాలున వెళ్తే సెకనుకు 18 మీటర్లు, కిలోమీటరు దూరం నిమిషంలోపే అయిపోతుంది. బ్యాటరీ అంకె పెద్దగా తగ్గదు, మీకు ఉత్సాహంగా ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు గాలికి ఎదురు. సెకనుకు రెండు మీటర్లు. అదే కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల పైన. పోయేటప్పుడు బ్యాటరీలో పది శాతం కూడా తినని దూరం వచ్చేటప్పుడు దానికి దాదాపు తొమ్మిది రెట్లు తింటుంది. అందుకే నీటి మీద మొదట గాలికి ఎదురుగా వెళ్లండి, వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. అంటే ఏ ఒడ్డు నుంచి లేపాలన్నది గాలిని చూసి నిర్ణయించాలి. గాలి జలాశయం మీదుగా మీ ముఖానికి తగులుతూ ఉంటే అది సరైన ఒడ్డు. వెనక నుంచి వీపుకు తగులుతుంటే ఆ ఒడ్డు నుంచి నడి నీటికి పంపకండి, వెలుతురు ఎంత బాగున్నా సరే.

ఎదురుగాలిలో ఇరుక్కుపోతే కంగారుగా రిటర్న్ బటన్ నొక్కుతారు. అది డ్రోన్‌ను ఇంకా పైకి లేపుతుంది, పైన గాలి ఇంకా ఎక్కువ. ఆ పని ఆపి, ఎత్తు తగ్గించి పదిహేను ఇరవై మీటర్లకు తెచ్చుకుని, ఎక్కువ వేగంతో పోయే స్పోర్ట్ మోడ్ పెట్టి మీరే నడపండి. ఇంటి దిక్కుకే రావాలని లేదు, దగ్గరలో ఏ ఒడ్డు ఉంటే ఆ ఒడ్డుకు చేర్చి పొలంలో దించండి. బైకు మీద చుట్టూ వెళ్లి తెచ్చుకోవచ్చు. స్పోర్ట్ మోడ్‌లో అడ్డంకులు చూసి ఆగే సెన్సార్లు పనిచేయవన్నది మాత్రం మరవకండి. జలాశయాలలో ముంపుకు ఎండిపోయిన చెట్ల మోళ్లు, ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు సాగే కరెంటు తీగలు ఉంటాయి. తీగను ఏ మోడ్‌లోనూ సెన్సార్ పసిగడుతుందని నమ్మలేం. లేపే ముందు ఒడ్డున కరెంటు స్తంభాలు ఎటు పోతున్నాయో కళ్లతో చూడండి.

బ్యాటరీ విషయంలో నేల మీద ఇరవై శాతం దాకా ఆగే అలవాటు ఉంటుంది. నీటి మీద సగానికి రాగానే వెనక్కి తిప్పండి, ముప్ఫై శాతం ఉండగా నేల మీదికి వచ్చెయ్యండి. ఎందుకంటే బ్యాటరీ బాగా తగ్గినప్పుడు డ్రోన్ తనంతట తాను దిగడం మొదలుపెడుతుంది, చాలా మోడళ్లలో దాన్ని రద్దు చేయలేం. ఎత్తు నుంచి దిగడానికి ఎంత కావాలో లెక్కగట్టుకుని మొదలుపెడుతుంది కాబట్టి వంద మీటర్ల ఎత్తున ఉంటే ఇంకా ముందే మొదలవుతుంది. అలాంటప్పుడు చేతులెత్తేయకండి. ఎత్తు పెంచే స్టిక్‌ను పైకి నొక్కి పట్టుకుంటే దిగడం నెమ్మదిస్తుంది, ఇంకో స్టిక్‌తో ఒడ్డు వైపు నడపవచ్చు. ఈ సంగతి తెలియక అలా చూస్తూ నిలబడినవారు ఉన్నారు. ఖాళీ మైదానంలో ఒకసారి చేసి చూసుకోండి, చేతికి అలవాటు కావాలి.

మైలవరంలో లేపే చోటు నీటి అంచుకు ఇరవై ముప్ఫై మీటర్ల దూరంగా ఉండాలి. తిరిగి వచ్చే డ్రోన్ సరిగ్గా లేచిన చోటే దిగదు, జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. నీటి అంచునే లేపితే ఆ కొన్ని మీటర్లు నీటిలో పడవచ్చు. ఆనకట్ట మీద నుంచి, వంతెన మీద నుంచి లేపకండి. కాంక్రీటులోని ఇనుప చువ్వలు, గేట్లు దిక్సూచిని తప్పుదారి పట్టిస్తాయి. కారు బానెట్ మీద పెట్టి లేపేవారినీ చూశాను, అదీ ఇనుమే. దిక్సూచి తప్పితే డ్రోన్ గుండ్రంగా తిరుగుతూ పోతుంది, అప్పుడు జీపీఎస్ ఉన్నా లాభం లేదు. పుట్టిలో కూర్చుని జంట వెంట వెళ్తూ తీస్తామని కొందరు అడుగుతారు. పుట్టి కదులుతుంది, హోమ్ పాయింట్ కదలదు. రిమోట్ సంబంధం తెగితే డ్రోన్ మీరు ఇందాక ఉన్న చోటికి వచ్చి నీటిలో దిగుతుంది. పుట్టి నుంచి లేపవద్దు. జంటను పుట్టిలో పంపి మీరు ఒడ్డునే ఉండండి, వాళ్లకు లైఫ్ జాకెట్లు ఉండాలని పట్టుబట్టండి. ఫొటోలో బాగోవని తీసేయమంటే ఆ దృశ్యమే మానేయండి.

గండికోట వేరే కథ. అక్కడ నీటికన్నా రాయి ప్రమాదం. పెన్నా ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన లోయ అది, దాదాపు 300 అడుగుల లోతు. మీరు పైన అంచున నిలబడి లేపుతారు. లేచిన చోటు సున్నా కాబట్టి డ్రోన్ లోయలోకి దిగితే ఎత్తు మైనస్‌లో చూపిస్తుంది, దానికి బెదరవద్దు. బెదరవలసింది ఇంకో దానికి. రిమోట్ నుంచి వెళ్లే రేడియో తరంగాలు రాతి గుండా పోవు. డ్రోన్ అంచు కిందికి వెళ్లి మీ కంటికి మరుగైన క్షణంలో సిగ్నల్ తెగుతుంది. లోతుకు వెళ్తే రెండు గోడల మధ్య ఆకాశం సన్నగా మిగిలి ఉపగ్రహాలూ తగ్గుతాయి, గోడలకు తగిలి వచ్చే సంకేతాలతో అది తానున్న చోటునే తప్పుగా అనుకుంటుంది. సిగ్నల్ తెగిన డ్రోన్ మొదట చేసే పని, మీరు పెట్టిన ఎత్తుకు నిటారుగా లేవడం. పైన ముందుకు పొడుచుకొచ్చిన బండ ఉంటే దానికి కొట్టుకుంటుంది.

కాబట్టి గోడల పక్కన కాకుండా లోయ మధ్యన ఎగరవేయండి, మీరు నిలబడిన అంచు కిందికి ఎప్పుడూ దించవద్దు. ఎదుటి గోడ వైపు అయితే కొంత దించవచ్చు, అది మీకు కనిపిస్తూ ఉంటుంది. నన్నడిగితే దించవలసిన పనే లేదు. అంచు ఎత్తునే లోయ మీదికి వెళ్లి కెమెరాను కిందికి వంచితేనే లోతు బాగా తెలుస్తుంది, లోపలికి దిగితే గోడ తప్ప ఏమీ కనిపించదు. అంచు దగ్గర గాలిని కూడా గమనించండి. గోడకు కొట్టుకున్న గాలి పైకి తన్నుతుంది, అవతలి గోడ చాటున సుడి తిరుగుతూ కిందికి లాగుతుంది. 249 గ్రాముల డ్రోన్‌కు ఇది చిన్న విషయం కాదు. సూర్యోదయం నుంచి ఎనిమిది లోపు పని ముగించండి. సాయంత్రం వెలుతురు బాగుంటుంది గానీ ఆషాఢంలో సాయంత్రం గాలి మీ మాట వినదు.

ఇంకో మాట, ఇది డ్రోన్ గురించి కాదు. అంచున రక్షణ గోడ లేని చోట్లు గండికోటలో చాలా ఉన్నాయి. స్క్రీన్ చూస్తూ వెనక్కి అడుగులు వేసే అలవాటు వీడియోగ్రాఫర్లందరికీ ఉంటుంది. మీ సహాయకుడికి ఆ రోజు వేరే పని చెప్పకండి. డ్రోన్‌ను కళ్లతో చూస్తూ ఉండడం, మీ చొక్కా పట్టుకుని ఉండడం, ఈ రెండే అతని పనులు. జంటను అంచున నిలబెట్టవద్దు. నాలుగు అడుగులు వెనక నిలబెట్టినా డ్రోన్ కోణానికి అంచునే ఉన్నట్టు వస్తుంది.

అనుమతుల సంగతి చాలామంది చివరికి చూస్తారు, అక్కడే పని ఆగిపోతుంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు ఉంటే నానో, అది దాటి రెండు కిలోల దాకా మైక్రో. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. మైక్రో అయితే సరదాకు ఎగరవేసేవారికి అక్కరలేదు గానీ, డబ్బు తీసుకుని వీడియో తీసే మీలాంటివారికి కావాలి. థర్డ్ పార్టీ బీమా కూడా నానోకు తప్ప మిగతావాటికి ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ బరువు కెమెరా, ఫిల్టరు, తగిలించినవి అన్నీ కలిపి. మీది 249. నీటి మీద తేలడానికి కింద స్పాంజి బెండ్లు తగిలిస్తే, రెక్కలకు రక్షణ చట్రం పెడితే, పెద్ద బ్యాటరీ వేస్తే 250 దాటిపోయి మైక్రో అవుతుంది. పైగా ఆ బెండ్లు గాలికి తెరచాపలా పనిచేస్తాయి, పొట్ట కింది సెన్సార్లకు అడ్డం వస్తాయి, నీటిలో పడ్డాక చాలాసార్లు తలకిందులవుతాయి. నా ఓటు వాటికి లేదు.

నానో అయినంత మాత్రాన ఎక్కడైనా ఎగరవేయవచ్చని కాదు. డ్రోన్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాపులో ఆకుపచ్చ ఉన్నచోట 400 అడుగుల దాకా అనుమతి అడగనక్కరలేదు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకానే. ఇంకా దగ్గరైతే ముందుగా అనుమతి కావాలి. మీ జంట కడప ఊరి దగ్గరి చెరువులోనో, కర్నూలు వెళ్లి ఓర్వకల్లు రాతివనంలోని నీటి గుంట దగ్గరో తీయమంటే ఇది గుర్తుంచుకోండి, రెండు చోట్లా విమానాశ్రయాలు ఉన్నాయి. గండికోట కోటలోని కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. మ్యాపులో ఏ రంగు ఉన్నా ఆ శాఖ అనుమతి లేకుండా అక్కడ డ్రోన్ తీయవద్దు. మైలవరంలో ఆనకట్ట, గేట్ల వైపు కెమెరా కూడా తిప్పవద్దు. ఏ ప్రాజెక్టు దగ్గరైనా జలవనరుల శాఖ సిబ్బందికి, స్థానిక పోలీస్ స్టేషనుకు ముందుగా కాగితం ఇవ్వడం మంచిది. శ్రీశైలం వైపు వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, అది పులుల అభయారణ్యం, పైగా పాతాళగంగ దగ్గర రోప్‌వే తీగలు.

పక్షులు, ఎండ గురించి రెండు మాటలు. చెరువు అంటే కొంగలు, గద్దలు ఉంటాయి. గద్ద చుట్టూ తిరగడం మొదలుపెడితే పక్కకు తప్పించకుండా నేరుగా పైకి లేపండి, అవి పైనుంచి కిందికి దూకి కొడతాయి, పైకి వేగంగా లేవలేవు. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి, అలాంటి ఊళ్ల చుట్టుపక్కల చెరువుల్లో గూళ్ల కాలంలో అసలు ఎగరవేయకండి. ఇక చాలా డ్రోన్లకు తయారీదారు చెప్పే వేడి పరిమితి 40 డిగ్రీలు. మన వేసవిలో అది పదకొండింటికే దాటుతుంది. బ్యాటరీలను కారులో వదలవద్దు, ఉబ్బిన బ్యాటరీని నీటి మీదికే కాదు, ఎక్కడికీ పంపవద్దు. రెక్కల అంచుల్లో చిన్న పగులు ఉన్నా మార్చేయండి. నాలుగు మోటార్లలో ఒకటి ఆగితే మిగతా మూడూ దాన్ని నిలబెట్టలేవు.

ఇన్ని చేసినా పడిపోతే ఏం చేయాలో కూడా ముందే తెలిసి ఉండాలి. మొదటిది, వెంట దూకకండి. జలాశయాల్లో అడుగున బురద, పాత చెట్లు, వలలు ఉంటాయి. రిమోట్ ఆపేయకుండా స్క్రీన్ మీద చివరిగా కనిపించిన అక్షాంశ రేఖాంశాలను ఫొటో తీసుకోండి. ఒడ్డున రెండు చోట్ల నిలబడి పడిన చోటి వైపు ఎదురుగా ఏ చెట్టు, ఏ గుట్ట కనిపిస్తోందో గుర్తు పెట్టుకుంటే ఆ రెండు గీతలు కలిసేచోటు దొరుకుతుంది. పుట్టి ఉన్న జాలరులను అడగండి, వారికి ఆ నీటి లోతు తెలుసు, వల వేసి తీస్తారు.

బయటికి తీశాక ఆన్ చేసి చూడాలని చెయ్యి లాగుతుంది. చేయకండి. బ్యాటరీ వెంటనే తీసి, ఇంట్లో కాకుండా ఆరుబయట, కాలేవి ఏవీ లేనిచోట పెట్టండి. తడిసిన లిథియం బ్యాటరీ గంటల తర్వాత కూడా అంటుకోవచ్చు. దాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టవద్దు, ఆరిందనిపించినా సరే. బియ్యంలో పెట్టడం వల్ల పిండి లోపలికి పోవడం తప్ప లాభం లేదు, విప్పి ఆరబెట్టగల మెకానిక్‌కు ఇవ్వండి. మెమరీ కార్డు మాత్రం చాలావరకు బతుకుతుంది. మంచినీళ్లతో కడిగి, బంగారు రంగు పట్టీలను మెత్తని గుడ్డతో అద్ది, ఒక రోజు నీడలో ఆరనిచ్చాక కంప్యూటర్‌లో పెట్టండి. పెళ్లివారి వీడియో అందులోనే ఉంటుంది.

మీ డ్రోన్ మోడల్ పేరు రాయండి. రిటర్న్ ఎత్తు, సిగ్నల్ తెగితే ఏం చేయాలన్న సెట్టింగు, పొట్ట కింది సెన్సార్లను ఆపే వీలు అందులో ఎక్కడ ఉన్నాయో చెబుతాను. కొన్ని మోడళ్లలో ఆ చివరిది అసలు ఉండదు.